మూడో పిలుపు

ఆ పేరాను బూషయిబ్ నాలుగోసారి చదువుతున్నాడు. షట్టర్ సగమే ఎత్తి ఉంది. ఆ సందులోంచి వచ్చే ఎండ సరిగ్గా గల్లా బల్ల మీద, పుస్తకంలో ముప్ఫయ్యేడో పేజీ మీద పడుతుంది. నవంబరులో అది ఎనిమిదింపావు దాకా అక్కడే ఉండి, తరవాత జిప్పుల పెట్టెల మీదికి జరిగిపోతుంది. ఆ కాస్త వెలుతురు కోసమే ఆయన రోజూ కొట్టు అరగంట ముందు తెరుస్తాడు. వేలు ఒక్కో చైనా అక్షరం కిందికి జరుపుతూ, పెదవులు కదుపుతూ, చేపలో ముళ్ళు ఏరుకునేవాడిలా జాగ్రత్తగా చదువుతాడు.

పేరాలో ఉన్నది ఇంతే. షియావ్ లీ మధ్యాహ్నం స్నేహితుడి ఇంటికి వెళ్ళాడు. స్నేహితుడి తల్లి భోంచెయ్యమంది. షియావ్ లీ తినేసి వచ్చానన్నాడు. తరవాత పుస్తకం తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఐదు ప్రశ్నల్లో ఆఖరిది: షియావ్ లీ ఎందుకు తినలేదు? జవాబులు నాలుగు: అప్పటికే తిన్నాడు, వంట నచ్చలేదు, తొందరలో ఉన్నాడు, మొహమాటపడ్డాడు.

బూషయిబ్ ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా నాలుగోదాని చుట్టూ సున్నా చుట్టాడు. అక్కడితో ఆగక, ఆ తల్లి మీద కోపం వచ్చి నిట్టూర్చాడు కూడా.

ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, ముందుకొచ్చిన బొజ్జ, శుక్రవారాలు మాత్రం తొడిగే జలాబా అనే గోధుమరంగు పొడుగాటి అంగీ. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే కోటు బొత్తాలు కుట్టే దారంతో కట్టుకున్నాడు. కాసాబ్లాంకాలోని దర్బ్ ఒమర్ బజారులో, ఒక హాజీగారి బొత్తాల హోల్‌సేల్ కొట్టులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గోదాము చూస్తున్నాడు. చీకట్లో వేలి కొసతో తడిమి చొక్కా బొత్తామేదో పైజామా బొత్తామేదో చెప్పగలడు. అంతకు మించి ఆయన గురించి చెప్పడానికి బజారులో ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఎవరితోనూ తగువు పడలేదు, ఎక్కడికీ పోలేదు, ఒకసారి జ్వరమొచ్చి మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు దాకా ఎవరూ గమనించలేదు.

చైనా చదువు మాత్రం నాలుగేళ్ళ కిందట మొదలైంది. చొక్కా బొత్తాల పెట్టె ఒక్కటి కావాల్సొచ్చి, పెట్టెల మీది రాత అర్థంకాక, వరసగా నలభై పెట్టెలు విప్పాడు. చొక్కా బొత్తాలు నలభయ్యో దాంట్లో ఉన్నాయి. విప్పినవన్నీ మళ్ళీ కట్టేసరికి ఆయన తలప్రాణం తోకకొచ్చింది. ఆ సాయంత్రమే ఎదురు కొట్టు ఫాంగ్ దగ్గరికి వెళ్ళి, "బొత్తాం అన్న మాట మీ భాషలో ఎలా ఉంటుందో ఒక కాగితం మీద రాసివ్వు సీ ఫాంగ్" అన్నాడు; అక్కడ పేరు ముందు 'సీ' అంటే గౌరవం. ఫాంగ్ రాసిచ్చాడు. మర్నాడు జిప్పు రాసిచ్చాడు. ఆరు నెలల్లో ఎర్ర కలంతో దిద్దడం మొదలుపెట్టాడు. మాట్లాడటం బూషయిబ్‌కి ఇప్పటికీ రాదు; నోరు తెరిస్తే ఫాంగ్ నవ్వాపుకోలేక స్టూలు వెతుక్కునేవాడు. అందుకని ఇద్దరూ చదువుతోనే సరిపెట్టుకున్నారు. విశ్వవిద్యాలయంలో పెట్టే పరీక్ష, నాలుగో మెట్టుది, రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ చదివి జవాబు చెప్పే భాగంలోనే పోయింది. మూడోసారి రేపు పొద్దున.

ఎండ ముప్ఫయ్యేడో పేజీ దాటుతుండగా ఫాంగ్ షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, ఎండాకాలమైనా చలికాలమైనా అదే బూడిదరంగు స్వెటరు. దారాలు, లేసులు, కుట్టుమిషన్ సూదులు అమ్ముతూ పందొమ్మిదేళ్ళు దర్బ్ ఒమర్‌లో గడిపాడు. బజారు భాష బాగానే వచ్చు కానీ మాటలు కొలిచి కొలిచి వాడతాడు. పుస్తకం తన వైపు తిప్పుకుని, జేబులోంచి ఎర్ర కలం తీసి, గట్టిగా ఒక అడ్డగీత కొట్టాడు.

"తప్పు. తిన్నాడు."

"తినలేదు!"

"తిన్నానని చెప్పాడు."

"చెప్తాడయ్యా, చెప్పక ఏం చేస్తాడు? ఒక్కసారి పిలిస్తే సిగ్గూ శరమూ ఉన్నవాడెవడైనా కూర్చుంటాడా? ఆ తల్లికి బుద్ధి ఉండక్కర్లేదూ? మళ్ళీ పిలవాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగాలి. పాపం పిల్లాడు పస్తుతో ఇంటికి పోయాడు!"

"కాగితంలో ఉందా పస్తు?"

"కాగితంలో ఎందుకుంటుంది?"

"కాగితంలో లేదు. అయితే తప్పు."

బయట తోపుడు బండి ఆగిన చప్పుడైంది. బండి తోసే రహ్హాల్ షట్టర్ కింద నుంచి తల దూర్చాడు. వాడికి అక్షరం ముక్క రాదు గానీ ఈ పుస్తకంలో మనుషులందరూ తెలుసు. "ఏంటన్నా, ఇవాళ ఎవరు పస్తు?"

"షియావ్ లీ."

"మొన్న బస్సు తప్పిపోయినవాడేనా? వాడి జాతకమే అంత." రహ్హాల్ విషయమంతా విని తీర్పు చెప్పాడు. "వాడు తిన్లేదు సీ ఫాంగ్. తిన్నవాడు తిన్నాననడు. కడుపు నిండినవాడు 'మీ చేతి వంట కాదంటానా' అని రెండు ముద్దలు తినిపోతాడు. ఆకలేసినవాడే తిన్నానంటాడు."

"నువ్వు పరీక్షాధికారివా?"

"కాదు, పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి," అన్నాడు రహ్హాల్.

ఫాంగ్ ఎర్ర కలానికి మూత పెట్టాడు. "ఐదుకి నాలుగు," అన్నాడు. నాలుగేళ్ళలో బూషయిబ్‌కి ఐదుకి ఐదు ఒక్కసారీ రాలేదు. ప్రతి పేరాలోనూ ఎవడో ఒకడు కాగితంలో లేని బాధ పడుతుంటాడు, ఆ బాధ బూషయిబ్ కంట పడుతుంది, మార్కు ఎగిరిపోతుంది. ఆయనకు ఆ మార్కు కావాలి. రేపటి పరీక్ష పోయినా పోనీ, ఇవాళ ఒక్కసారి ఫాంగ్ చేతి ఐదు చూడాలని ఆయన కోరిక. ఇవాళే ఎందుకంటే, సాయంత్రం విమానానికి ఫాంగ్ తన ఊరికి వెళ్ళిపోతున్నాడు.

మోకాళ్ళు చూపించుకోవాలి, మనవరాలి పెళ్ళి చూడాలి, ఓ మూడు నెలలు అని పదిరోజుల కిందట చెప్పాడు. "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని బూషయిబ్ అడిగాడు. "వసంతంలో," అన్నాడు ఫాంగ్. "సరే అయితే, మంచిది," అని బూషయిబ్ గబగబా బొత్తాలు తూచడంలో పడిపోయాడు. ఆ తరవాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

బజారు ఊరుకుంటుందా? ఎదురు కొట్టులో దారపు ఉండలు రోజురోజుకూ తరిగిపోతుంటే రహ్హాల్ లెక్క కట్టుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు కూడా ఫాంగ్ వెళ్ళగానే గొంతు తగ్గించి అన్నాడు: "అన్నా, నిన్న ఆయన గోడ గడియారం దింపాడు. మూడు నెల్లకి గడియారం దింపుతారా ఎవరైనా?"

"బాగుచేయించుకోవడానికి దింపుంటాడు."

"మేకు కూడా పీకాడు."

"కాగితంలో లేనిది మాట్లాడకు," అన్నాడు బూషయిబ్. ఆ మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదటిసారి. రహ్హాల్ బండి తోసుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం బజారంతా మసీదుకు కదిలింది. తిరిగి వచ్చేసరికి కొట్టు ముందు మీలూదా నిలబడి ఉంది. మీలూదా బూషయిబ్ భార్య. ప్రతి శుక్రవారం కుస్‌కుస్ వండి, పెద్ద మట్టి పళ్ళెం దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ట్రాములో వస్తుంది. పళ్ళేనికి విడిగా సీటు ఇమ్మని ఒకసారి కండక్టరుతో గొడవ కూడా పెట్టుకుంది. భారీ మనిషి, పెద్ద గొంతు. చదువు ఏ భాషలోనూ రాదు.

బొత్తాల పెట్టెలు రెండు కలిపి బల్లగా వేసి, పళ్ళెం దించారు. ఆవిరి మీద ఉడికిన సన్నని రవ్వ, దాని మీద మాంసం, క్యారెట్టు, క్యాబేజీ, సెనగలు, నడిమధ్య పచ్చటి గుమ్మడికాయ ముక్కలు. బూషయిబ్ గుమ్మంలోకి వెళ్ళి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని కేక వేశాడు.

"సీ ఫాంగ్! రా, తిందాం!"

ఎదురుకొట్టులోంచి జవాబు వచ్చింది. "తినేశాను!"

"రావయ్యా, అల్లా చూస్తున్నాడు, రా!"

"నిజంగా తినేశాను!"

బూషయిబ్ వీధి దాటాడు. ఫాంగ్ ఖాళీ అరల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన చిన్న సూట్‌కేసు. బూషయిబ్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఫాంగ్ లేచాడు. లేస్తూ లేస్తూ స్వెటరు జేబు తడుముకున్నాడు, చెంచా ఉందో లేదోనని. అది పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. పందొమ్మిదేళ్ళుగా శుక్రవారం శుక్రవారం ఇదే తంతు. మూడో పిలుపుకు వస్తాడు, సొంత చెంచాతో వస్తాడు, వచ్చాక ముగ్గురు మనుషుల తిండి తింటాడు. దీని గురించి బూషయిబ్ ఒకసారి నిలదీశాడు కూడా: "మరి నువ్వో? తిన్నానని చెప్పి పళ్ళెం ఊడ్చేస్తావే!" ఫాంగ్ సెనగ నములుతూ తాపీగా, "ఇది బతుకు. అది పరీక్ష," అన్నాడు.

మీలూదా, బూషయిబ్ చేత్తో ముద్దలు చుట్టుకు తింటున్నారు. ఫాంగ్ చెంచాతో తన వైపు నుంచి చక్కగా సొరంగం తవ్వుకుంటూ వచ్చాడు. మీలూదా గుమ్మడికాయ ముక్కలన్నీ ఒక్కొక్కటే అతని వైపు నెట్టింది.

"తినవయ్యా, కర్రలా ఉన్నావు. మీవాళ్ళు చూసి మేం పస్తులు పెట్టామనుకుంటారు."

"కడుపు నిండింది, మీలూదా."

"ఏదీ, ఇంకోసారి అను."

ఫాంగ్ ఇంకోసారి అనలేదు, ముక్క నోట్లో పెట్టుకున్నాడు. భోజనమయ్యాక మీలూదా సంచిలోంచి పెద్ద పొట్లం తీసింది. ఇరవై దినుసులు వేసి తనే దంచిన మసాలా. వీసె పైనే ఉంటుంది.

"ఇంతా? మూడు నెల్లకి ఇంత ఎందుకే?" అన్నాడు బూషయిబ్. "ఇది రెండేళ్ళొస్తుంది."

మీలూదా మొగుడి వైపు చూసింది. వంట మాడబెట్టినవాణ్ణి చూసినట్టు చూసింది. "నువ్వు నోరు మూసుకుని చేతులు కడుక్కో," అంది. ఫాంగ్ పొట్లాన్ని వద్దన్నాడు, మళ్ళీ వద్దన్నాడు, మూడోసారి రెండు చేతులా తీసుకుని చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. ఖాళీ పళ్ళెం దుప్పట్లో చుట్టుకుని మీలూదా ట్రాముకు వెళ్ళిపోయింది. వీధి మలుపు దాకా వెనక్కి చూడలేదు. మలుపు దగ్గర ఆగి, తలగుడ్డ కొంగుతో మొహం తుడుచుకుని, అప్పుడు తిరిగింది. ఆవిడకు ఏ పేరా చదవనక్కర్లేకుండానే అంతా అర్థమైంది. బూషయిబ్ మాత్రం ఎండ ఎక్కువగా ఉందనుకున్నాడు.

"కూర్చో," అన్నాడు ఫాంగ్. "ఆఖరి పేరా. రేపటి పరీక్ష కోసం నేనే రాశాను. ఇరవై నిమిషాలు. తల ఎత్తితే సున్నా."

తల ఎత్తితే సున్నా అన్నది పాత నియమం. పరీక్ష హాల్లో దిక్కులు చూడకుండా ఉండాలని ఫాంగ్ పెట్టింది. బూషయిబ్ దాన్ని నమాజు అంత నిష్ఠగా పాటిస్తాడు. ఒకసారి కొట్టులోకి పిల్లి వచ్చి భోజనం డబ్బా దొర్లించినా తల ఎత్తలేదు. కళ్ళజోడు సర్దుకుని, పెన్సిలు తడిచేసుకుని, వేలు మొదటి అక్షరం కింద పెట్టాడు. ఫాంగ్ చేతిరాత పుస్తకంలో అచ్చులా ఉంది.

ఒక ముసలాయన పరాయి దేశంలో పందొమ్మిదేళ్ళు కొట్టు నడిపాడు. ప్రతి శుక్రవారం ఎదురు కొట్టు మనిషి అతన్ని భోజనానికి పిలిచేవాడు. ప్రతి శుక్రవారం ముసలాయన తినేశానని చెప్పేవాడు. ఒకరోజు ముసలాయన తన ఊరికి బయల్దేరాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని ఎదురు కొట్టు మనిషి అడిగాడు. వసంతంలో అన్నాడు ముసలాయన.

బూషయిబ్ నవ్వుకున్నాడు, తన గురించి రాసినందుకు కాస్త మురిసిపోయాడు కూడా. మొదటి ప్రశ్న: కొట్టు ఎన్నేళ్ళు నడిచింది? సున్నా చుట్టాడు. రెండు: భోజనానికి పిలిచింది ఎవరు? చుట్టాడు. మూడు: ముసలాయన ఎక్కడికి బయల్దేరాడు? చుట్టాడు. మూడూ నల్లేరు మీద నడకలా తేలికగా ఉన్నాయి.

నాలుగు: భోజనానికి పిలిచినప్పుడు ముసలాయనకు ఆకలిగా ఉందా? ఉంది. లేదు. కాగితంలో లేదు.

ఇక్కడ ఆయన పెన్సిలు ఆగింది. నాలుగేళ్ళ ఎర్ర గీతలన్నీ కళ్ళ ముందు కదిలాయి. తినేశానన్నవాడు తినేశాడు, కాకపోతే కాగితంలో లేదు. అంతకు మించి రాస్తే మార్కు పోతుంది. ఐదుకి ఐదు చేతికి అందేంత దూరంలో ఉంది. కానీ పెన్సిలు పట్టుకున్న ఆ చేతికి ఇంకా గుమ్మడికాయ వాసన పోలేదు. సొరంగం తవ్విన చెంచా కళ్ళారా చూశాడు. పోతే పోయింది వెధవ మార్కు అనుకుని, 'ఉంది' చుట్టూ గట్టిగా సున్నా చుట్టాడు.

ఐదు: ముసలాయన వసంతంలో తిరిగి వస్తాడా? వస్తాడు. రాడు. కాగితంలో లేదు.

బూషయిబ్ మామూలుగా 'వస్తాడు' దగ్గరికి పెన్సిలు తీసుకెళ్ళాడు. వసంతంలో అని చెప్పాడు కదా. తీసుకెళ్ళి, అక్కడే ఆగిపోయాడు. చెప్పడానికేం, తినేశానని కూడా చెప్పాడు. పందొమ్మిదేళ్ళు ప్రతి శుక్రవారం చెప్పాడు. ఆ మాట నమ్మకుండా నాలుగో ప్రశ్నకి సున్నా చుట్టినవాడు ఈ మాట ఎలా నమ్ముతాడు? తినేశాననడం మొహమాటమైతే వసంతంలో అనడం ఏమిటి? గడియారం, మేకు, రెండేళ్ళ మసాలా, కొంగుతో మొహం తుడుచుకున్న మీలూదా, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. బూషయిబ్‌కి భయం వేసింది. నాలుగుకి వెళ్ళి 'ఉంది' చెరిపేస్తే సరిపోతుంది, అప్పుడు ముసలాయన మాటకు విలువ ఉంటుంది, వసంతం వస్తుంది. రబ్బరు తీశాడు. చెరపడానికి మనసు ఒప్పుకోలేదు; ఆకలితో ఉన్న మనిషిని లేదని ఎలా రాస్తాడు? చివరికి నాలుగుని అలాగే ఉంచి, ఐదులో కళ్ళు మూసుకున్నంత పని చేసి 'వస్తాడు' చుట్టాడు. అది చదివి రాసిన జవాబు కాదని ఆయనకు తెలుసు.

"అయింది," అని తల ఎత్తాడు.

కొట్టులో ఎవరూ లేరు. ఎదురు కొట్టు షట్టర్ కిందికి దించి, తాళం వేసి ఉంది. రహ్హాల్ బండి మీద కాళ్ళు చాపుకుని గుమ్మానికి అడ్డంగా కాపలా కూర్చున్నాడు.

"ఏడీ?"

"టాక్సీ ఎక్కి పావుగంటయింది అన్నా. నిన్ను కదిలించొద్దన్నాడు. పరీక్ష జరుగుతోంది, తలెత్తితే సున్నా అన్నాడు. ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని నన్నిక్కడ కూర్చోబెట్టాడు." రహ్హాల్ తల గోక్కున్నాడు. "ఒకందుకు మంచి పని చేశాళ్ళే. అప్పుడు వెళ్ళాడే ఆ రిబ్బన్ల కొట్టాయన, బజారంతా కలిసి కౌగిలించుకుని ముద్దులు పెట్టి ఏడ్చి ఏడ్చి, పాపం ఆయన విమానం వెళ్ళిపోయింది."

బూషయిబ్ ఫోన్ చేశాడు. కట్టేసి ఉంది. అప్పుడు బల్ల అవతలి కొసన మడిచిన కాగితం కనిపించింది, గాలికి ఎగరకుండా దాని మీద ఏదో బరువు పెట్టి ఉంది. తీసి విప్పాడు. ఎర్ర సిరాతో జవాబులు. ఒకటి, రెండు, మూడు, అన్నీ ఆయన చుట్టినవే. నాలుగు: ఉంది. దాని కింద రెండు గీతలు, పక్కన చిన్న అక్షరాల్లో 'ప్రతి శుక్రవారం' అని. ఐదో అంకె వేసి ఉంది. దాని ఎదురుగా ఏమీ రాసి లేదు. కలం చాలాసేపు ఆనించి ఉంచినట్టు ఒక ఎర్ర చుక్క మాత్రం మినపగింజంత పాకి, కాగితం వెనక్కి దిగింది.

"పాసయ్యావా అన్నా?"

బూషయిబ్ కాగితాన్ని మళ్ళీ మడిచాడు. తరవాత, "నేను ఒక్కసారే అడిగాను రహ్హాల్," అన్నాడు.

"ఏంటి?"

"ఎప్పుడొస్తావని. ఒక్కసారే అడిగాను. వసంతంలో అనేసరికి సరే అని ఊరుకున్నాను. ఆ షియావ్ లీ స్నేహితుడి తల్లిని పొద్దున్నుంచీ తిడుతున్నానే, నేను చేసిందేంటి మరి? తిండికైతే మూడుసార్లు పిలిచాను."

రహ్హాల్ ఆలోచించాడు. "రెండోసారి అడిగితే ఏమనేవాడు?"

"రాలేనేమో అనేవాడు. అందుకే అడగలేదు."

"మూడోసారి?"

బూషయిబ్ గుమ్మంలోకి నడిచాడు. మూసిన షట్టర్ వైపు చూస్తూ, బజారంతా తిరిగి చూసేలా, చేతులు నోటి దగ్గర పెట్టుకుని కేక వేశాడు. "సీ ఫాంగ్! ఎప్పుడొస్తావు?" కాసేపు ఆగాడు. ఎవరో నవ్వారు. మళ్ళీ వేశాడు. పదిరోజుల కిందట అడిగినదానితో కలిపి మూడూ పూర్తయ్యాయి. రహ్హాల్ నవ్వబోయి ఆయన మొహం చూసి మానేశాడు, బండి దిగి పక్కన వచ్చి నిలబడ్డాడు.

పెట్టెలు సర్ది, పెన్సిలు చెక్కి రేపటి కోసం జేబులో పెట్టుకుని, బూషయిబ్ కొట్టు కట్టడానికి బల్ల దగ్గరికి వచ్చాడు. జవాబుల కాగితం మీద బరువుగా ఉంచినది కోటు బొత్తాల పెట్టె పక్కన పడి ఉంది. శుభ్రంగా తుడిచిన చెంచా, కాడ మొదట్లో మాత్రం ఒక్క రవ్వ గింజ అంటుకుని ఉంది.